‘వెళ్ళొస్తా’నంటే పక్కింటావిడ తలుపు తీసే ఉంచారు

డెన్మార్క్‌లోని ఆర్హుస్ నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. అంతా వేయడం కుదరదు కాబట్టి ముఖ్యమైన సంగతులు ఇస్తున్నాను.

ఆమెది ఖమ్మం దగ్గర పల్లె. భర్త ఉద్యోగం మీద అక్కడికి వెళ్ళి ఏడాదిన్నర అయింది. ఆరు నెలల కిందట ఆమెకూ ఒక చిన్న టీమ్‌లో ఉద్యోగం దొరికింది. రెండున్నరేళ్ళ బాబు డేకేర్‌కి వెళ్తున్నాడు. వారానికి రెండు సాయంత్రాలు డేనిష్ క్లాసు. “మాట మొదలుపెట్టడం వచ్చేసింది. మాట ముగించి బయటపడటమే రావడం లేదు” అంటారు.

మొదటి సంగతి ఆఫీసులో జరిగింది. బాబుని తెచ్చుకోవడానికి మూడున్నరకే లేవాలి. ‘లీవ్’ అన్న ఇంగ్లిష్ మాటకి డిక్షనరీలో దొరికిన డేనిష్ మాట పట్టుకుని, టీమ్ గ్రూపులో “యై ఫొలేదర్ యేర్ నూ” అని పెట్టారు. రెండు నిమిషాల్లో ఎవరో ఏడుపు బొమ్మ పెట్టారు. టీమ్ లీడ్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, “ఏమైనా ఇబ్బందా? మానేస్తున్నారా?” అని అడిగాడు.

రెండోది పక్కింటి పెద్దావిడ భోజనానికి పిలిచినప్పటిది. తినడం అయింది, బాబుకి నిద్ర ముంచుకొస్తోంది. గుమ్మం దగ్గర నిలబడి, మనం ‘వెళ్ళొస్తాను’ అంటామే, దాన్నే మాటకి మాట పేర్చి “యై గోర్ ఓ కొమ్మర్” అన్నారు. ఆవిడ సరేనన్నట్టు తలూపారు. “ముప్పావుగంట తర్వాత చెత్త పడేద్దామని తలుపు తీస్తే, ఆవిడ తలుపు ఓరగా తీసే ఉంది. టేబుల్ మీద కొవ్వొత్తి వెలుగుతోంది. రెండు కాఫీ కప్పులు పెట్టి ఉన్నాయి. నాకోసం చూస్తున్నారని అర్థమై, సిగ్గుతో తలుపు వేసేసుకున్నాను. అప్పట్నుంచీ ఆవిడ మెట్ల మీద ఉంటే నేను లోపలే ఆగిపోతున్నాను.”

మూడో బాధ ఇంకోరకం. ఎక్కడి నుంచి లేచినా “అప్పుడేనా? ఇంకాసేపు కూర్చోండి” అని ఒక్కరూ అనరు. “పొమ్మన్నట్టే ఉంటుంది” అని రాశారు. భర్తేమో ఇంగ్లిష్‌లో చెప్పేస్తే పోయేదానికి ఇంత టెన్షన్ ఎందుకంటారు. చివరికి అత్తగారు కూడా. వీడియో కాల్ పెట్టేసే ముందు మనవడు “హై హై” అంటున్నాడట. “పలకరించి పలకరించకముందే పెట్టేస్తాడేమిటి, వాడికి ఏం నేర్పుతున్నావు?” అని ఆవిడ కినుక.

“వెళ్తున్నానని డేనిష్‌లో ఎలా చెప్పాలి? ఎవరూ నొచ్చుకోకుండా, నేనూ నొచ్చుకోకుండా?” ఇదీ ఆమె ప్రశ్న.

*

అమ్మా, మీ ఉత్తరంలో నేను ఆ కొవ్వొత్తి దగ్గర ఆగిపోయాను. దాని సంగతి తర్వాత వస్తాను. ముందు మీరు తప్పుగా మాట్లాడారన్న బెంగ వదిలేయండి. మీరు డేనిష్ మాటలతో తెలుగు మాట్లాడారు, అంతే. నేనూ అక్కడ కొన్నేళ్ళున్నాను. మొదటి ఏడాది అంతా చేసిన పని అదే.

వెళ్తున్నాననడానికి మనం జంకుతాం. ‘పోతున్నా’ అంటే ఇంట్లో పెద్దవాళ్ళు “అవేం మాటలు?” అంటారు. అందుకే వెళ్ళొస్తాం. మీ వైపు ‘పోయొస్త’ అంటారు. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగం. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. ఫోన్ పెట్టేసేటప్పుడైతే మరీ చిత్రం, “ఉంటాను” అంటాం. ఇవన్నీ ఒక తెలుగువాడికి వినిపిస్తే గోలలేదు. మాటకి మాట తీసుకుని ఇంకో భాషలో పెడితే మాత్రం, ‘వెళ్ళి మళ్ళీ వస్తాను’ అన్న మనిషి కోసం ఎదురుచూడటం తప్ప పక్కింటావిడ ఏం చేస్తారు చెప్పండి?

డేన్స్‌కి, అంటే డెన్మార్క్ వాళ్ళకి, వెళ్ళడంలో శకునం పట్టింపు లేదు. వాళ్ళ పట్టింపల్లా ఎలా వెళ్తున్నారన్నదే. నడిచా, బండి మీదా, కాసేపటికా, పూర్తిగానా? క్రియాపదంలోనే అది తేలిపోతుంది. మీరు గ్రూపులో పెట్టిన ‘ఫొలేదర్’ అంటే విడిచిపెట్టడం. భర్తని వదిలేసినా, దేశం వదిలి వెళ్ళినా, మునిగే ఓడని వదిలినా ఆ మాట సరిపోతుంది. ‘యై’ అంటే నేను. ‘యేర్’ అంటే మిమ్మల్నందరినీ. ‘నూ’ అంటే ఇప్పుడే. అంటే మీరు మూడున్నరకి, బాబుని తెచ్చుకునే వేళకి, “మిమ్మల్నందరినీ ఇప్పుడే విడిచిపోతున్నాను” అని రాశారు. ఏడుపు బొమ్మ పెట్టినవాళ్ళు సరదాకే పెట్టి ఉంటారు. మీ లీడ్ మాత్రం నిజంగానే కంగారుపడి ఉంటాడు, పాపం.

మీకు రోజూ కావలసిన మాట ‘స్ముట్టర్’. “యై స్ముట్టర్.” చివరి ‘ర్’ పూర్తిగా పలకరు, గాలిలో వదిలేస్తారు. మెల్లగా జారుకోవడం అన్న అర్థం ఉన్న తేలిక మాట అది. ఆఫీసులో, స్నేహితుల దగ్గర, ఫోన్‌లో, ఎక్కడైనా చెల్లుతుంది. “యై గోర్ నూ” అన్నా తప్పులేదు, వెళ్తున్నాననే అర్థం. కానీ ఊరి పేరు కలిపారా, ‘గోర్’ అచ్చంగా నడకే అవుతుంది. నేనొక శుక్రవారం “యై గోర్ టిల్ కోపెన్‌హేగెన్” అంటే, నా పక్క సీటాయన తల కూడా ఎత్తకుండా “ఎన్ని రోజులు పడుతుంది?” అన్నాడు. ఆర్హుస్ నుంచి రోడ్డు మీద 300 కిలోమీటర్ల పైమాటే. మధ్యలో సముద్రం, దాని మీద 1998లో కార్లకి తెరిచిన 18 కిలోమీటర్ల వంతెన. దాని మీద నడవనివ్వరు, సైకిల్ కూడా తొక్కనివ్వరు. ఊళ్ళకి వెళ్ళేటప్పుడు ‘టా’ అనండి, అది రైలుకీ బస్సుకీ అన్నిటికీ సరిపోతుంది. “యై టా యెమ్” అంటే ఇంటికి వెళ్తున్నా. కారులో అయితే ‘కోరర్’. ఇంకా తేలిగ్గా “యై స్కల్ యెమ్” అంటారు. ‘నేను ఇంటికి... తప్పదు’ అన్నట్టు, వెళ్ళడం అన్న మాటే మింగేస్తారు.

కుర్రాళ్ళ నోట ‘స్క్రీదర్’ అన్నది కూడా వింటారు. దాన్ని వినడం వరకే ఉంచుకోండి. విసురుగా లేచిపోవడం ఉంది అందులో. ఎదుటివాడిని “స్క్రీద్!” అంటే ఫో అవతలికి అన్నట్టే.

ఆఫీసులో మీ మూడున్నర సంగతికి వస్తాను. మీరు రాయకపోయినా నాకు వినిపించింది, వెళ్ళేటప్పుడు మీరు రెండుసార్లు సారీ కూడా చెప్తుంటారు. అక్కడ మామూలు పని వారం 37 గంటలు. డేకేర్లు చాలాచోట్ల అయిదుకల్లా, శుక్రవారం ఇంకా ముందే మూసేస్తారు. మూడున్నరకీ నాలుగింటికీ మీ డైరెక్టరే హెల్మెట్ పెట్టుకుని సైకిల్ తాళం తీస్తుంటాడు. అందుకే వాళ్ళకి మూడు మాటల వాక్యం ఒకటుంది: “యై స్కల్ హెంటె.” నేను తెచ్చుకోవాలి. ఏం తెచ్చుకోవాలో చెప్పరు, చెప్పక్కర్లేదు. పిల్లల్ని తప్ప ఆ వేళకి ఎవరు దేన్ని తెచ్చుకుంటారు? మీటింగ్ మధ్యలో అయినా ఆ మాట అంటే జనం ల్యాప్‌టాప్ పక్కకి జరిపి దారి ఇస్తారు. దీనికి సారీ కలిపారో, ఏదో తప్పు చేసి వెళ్తున్నారని మీరే వాళ్ళకి చెప్పినట్టవుతుంది.

గదిలోంచి వెళ్ళేటప్పుడు అందరి దగ్గరికీ తిరగక్కర్లేదు. తలుపు దగ్గర ఒక్క “హై హై, వి సేస్ ఇ మోన్” చాలు. రేపు కలుద్దాం. శుక్రవారమైతే “గో వీకెండ్”. వాళ్ళే ముందు అంటే “ఇ లీయె మోదె”, మీకూ అంతే. మీటింగ్‌కీ, క్లాసుకీ, డేకేర్ టీచర్లకీ “టక్ ఫో ఇ డే” బాగుంటుంది. ఇవాళ్టికి థాంక్స్ అని. మీ డేనిష్ పుస్తకం మొదటి పాఠంలో నేర్పిన ‘ఫావెల్’ తప్పు కాదు గానీ, కొంచెం బరువు మాట. పిల్లలకి చేయి ఊపించేటప్పుడూ, చనిపోయినవాళ్ళకి చివరి వీడ్కోలు చెప్పేటప్పుడూ అదే. రోజూ నాలుగింటికి అంటే కొత్తగా నేర్చుకున్నారని తెలిసిపోతుంది, అంతకుమించి నష్టం లేదు.

ఈ ఫొలేదర్ గొడవని సరిదిద్దాలా వదిలేయాలా అన్నది మీ ఇష్టం. వదిలేస్తే నెలలో అందరూ మరిచిపోతారు. నేనైతే వాడుకుంటాను. ఓ రోజు మూడున్నరకి లేచి, మొహం బరువుగా పెట్టి “యై ఫొలేదర్ యేర్” అని, వెంటనే “టిల్ ఇ మోన్” అనండి. రేపటిదాకా అని. మిమ్మల్ని చూసి నవ్వాలా వద్దా అని ఇన్నాళ్ళూ మర్యాదగా బిగబట్టుకున్నవాళ్ళకి ఊపిరి ఆడుతుంది. అలాంటి వేళాకోళం మీ తత్వానికి పడకపోతే మాత్రం బలవంతాన చేయకండి, అతికినట్టు ఉండదు.

నిజంగా మానేసే రోజు వస్తే దానికి వేరే మాటలున్నాయి, ఇప్పుడే తెలిసి ఉండటం మంచిది. “యై స్టొప్పర్” అని, పక్కన తేదీ చెబితే ఉద్యోగం మానేస్తున్నట్టు. “యై హా సక్త్ ఓప్” అంటే రాజీనామా ఇచ్చేశానని. సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు కూడా జాగ్రత్త. “యై రైసర్ యెమ్ టిల్ ఇందియెన్”, ఇండియాకి ఇంటికి వెళ్తున్నా, అని ఊరుకుంటే మూటాముల్లె సర్దుకుని పోతున్నారేమో అనుకునే వీలుంది. “పో ఫేరియె” అని ఒక్క మాట కలపండి, సెలవుకని తెలుస్తుంది.

ఇక పక్కింటావిడ. అక్కడ జరిగిన పొరపాటు ఒకటి కాదు, రెండు. మాట సంగతి చెప్పాను కదా. రెండోది, మీరు లేచిన వేళ. మనకి భోజనం అయిందంటే పని అయినట్టే. చెయ్యి కడుక్కుని, నాలుగు మాటలు మాట్లాడి బయల్దేరతాం. ఆ నాలుగు మాటలు గేటు దగ్గర నలభై అవుతాయి, అది వేరే సంగతి. డేన్స్ ఇళ్ళలో భోజనం సగమే. ఆ తర్వాత కాఫీ, కొవ్వొత్తి, కూర్చోవడం. పిలిచిందే దానికోసం. మీరు తినగానే లేచేసరికి, పిల్లాడిని పడుకోబెట్టి మీరు కాఫీకి వస్తారని ఆవిడ అనుకున్నారు. ‘గోర్ ఓ కొమ్మర్’ దానికి అచ్చు గుద్దినట్టు సరిపోయింది!

వాళ్ళ లేవడానికి ఒక వరుస ఉంది. బల్ల దగ్గర తినడం అవగానే వండినవాళ్ళకి “టక్ ఫో మాద్”, అన్నానికి థాంక్స్. వాళ్ళు “వెల్బెకొమ్మ” అంటారు. మనం అన్నదాతా సుఖీభవ అని ఇవ్వాళ పెళ్ళిభోజనాల్లో కూడా అనడం మానేశాం గానీ, వాళ్ళు ఇంట్లో రోజూ రాత్రి భోజనానికి కూడా అంటారు. పిల్లలు కూడా అని మరీ బల్ల దగ్గర్నుంచి లేస్తారు. ఆ తర్వాత కాఫీ. కాఫీ అయ్యాక ఎక్కడో మాటలు పలచబడతాయి. అప్పుడు ఎవరో ఒకరు రెండు అరచేతులూ తొడల మీద తట్టి “నో...” అంటారు. వద్దు అని కాదు. మన ‘మరి’ ఉంది చూశారూ, “సరే మరి...” అని సాగదీస్తామే, అదీ ఆ ‘నో’. దాని వెనకే “మెన్...” వస్తుంది. “నో, మెన్, యై మో విస్ట్ హెల్లర సే అ కొమ్మ యెమ్.” విప్పి చెబితే, మరి, నేనింక బహుశా ఇంటికి చేరే సంగతి చూసుకుంటే మేలేమో. ఎన్ని నీళ్ళు కలిపారో చూడండి. వెళ్తున్నానని మొహం మీద కొట్టినట్టు చెప్పే జాతి కాదు వాళ్ళు కూడా. మనం ‘వస్తాను’ కలిపి మెత్తబరుస్తాం, వాళ్ళు ‘బహుశా’, ‘మేలేమో’ కలుపుతారు.

ఆ వాక్యం నోరు తిరగకపోతే “నో, మెన్...” అని కుర్చీ అంచుకి జరగండి చాలు. మిగతాది వాళ్ళే పూరిస్తారు.

బాబు నిద్రకి ఆగలేకపోతే ముందే చెప్పేయడం ఒక దారి: ఏడున్నరకి పడుకోబెట్టాలి, కాఫీ దాకా ఉండలేను అని. ఆవిడ ఏమీ అనుకోరు, బహుశా అయిదున్నరకే అన్నం పెడతారు. ఇంకో దారి, మీవారు బాబుని తీసుకెళ్ళడం, మీరు కాఫీకి ఉండిపోవడం. ఇందులో మీకు డేనిష్ మాట్లాడే గంట ఒకటి అదనంగా దొరుకుతుంది, క్లాసులో దొరకనిది. మీవారికి బాబుని నిద్రపుచ్చడం వచ్చునో రాదో మీరే చెప్పాలి.

మరి ఇప్పటికే చెడిన దాని సంగతి? మెట్ల మీద తప్పించుకు తిరగడం మాత్రం మానేయండి. ఆవిడ దాన్ని ఎలా అర్థం చేసుకుంటారో ఆలోచించండి: అన్నం తిన్నది, వస్తానంది, రాలేదు, ఇప్పుడు మొహం చాటేస్తోంది. వాళ్ళకి వీడ్కోలు గుమ్మం దగ్గర పూర్తవదు. మళ్ళీ కలిసినప్పుడు మొదటి మాట “టక్ ఫో సిస్ట్”, పోయినసారికి థాంక్స్. అది చెప్పేదాకా లెక్క తేలనట్టే. నెల దాటినా పర్వాలేదు, చెల్లుతుంది. అది అన్నాక, మా భాషలో వెళ్ళేటప్పుడు వస్తానంటామని, వెళ్తున్నా అంటే అపశకునమని చెప్పండి. ఇంగ్లిష్‌లోనైనా సరే. లేదూ అంత మాట్లాడలేననుకుంటే, ఓ చిన్న కాగితం మీద ‘టక్ ఫో సిస్ట్’ రాసి, నాలుగు అరిసెలో జంతికలో కవర్లో పెట్టి తలుపుకి తగిలించండి. రెండోదాంట్లో మీరు ఆ కొవ్వొత్తి చూసిన సంగతి ఆవిడకి ఎప్పటికీ తెలియదు. నాకైతే తెలిస్తేనే బాగుండుననిపిస్తుంది.

ఎవరూ ఉండమనరని రాశారు. అది నాకూ గుచ్చుకునేది. మన దగ్గర “అప్పుడేనా” అనకపోతే పొమ్మన్నట్టే. అక్కడ అంటే, మీ టైమ్ మీద చేయి వేసినట్టు. వెళ్తానన్న పెద్దమనిషిని ఆపడం వాళ్ళకి మొహమాటం. పిల్లల పుట్టినరోజుకి కార్డు మీద రెండు నుంచి అయిదు అని ముగిసే టైమ్ కూడా వేసే మనుషులు వాళ్ళు. కానీ ఈసారి గుమ్మం దగ్గర చెవి పెట్టి వినండి. “కొమ్ గొత్ యెమ్” అంటారు. క్షేమంగా ఇల్లు చేరండి అని. మీ అమ్మగారు “జాగ్రత్తగా వెళ్ళిరండి” అంటారే, అదే. మీరు చెప్పులు వేసుకునే హడావిడిలో ఇన్నాళ్ళూ వినిపించుకోలేదేమో.

మీవారు చెప్పిన ఇంగ్లిష్ దారి కూడా కొట్టిపారేయాల్సింది కాదు. అక్కడ దాదాపు అందరికీ ఇంగ్లిష్ వస్తుంది, మీ యాస వినగానే వాళ్ళే దాంట్లోకి మారిపోతారు. ఇంగ్లిష్‌తో పదేళ్ళు హాయిగా గడిపేసినవాళ్ళు నాకు తెలుసు. దానికి ఖరీదేమిటంటే, పదేళ్ళ తర్వాత కూడా లంచ్ బల్ల దగ్గర మీరు కూర్చోగానే అందరూ భాష మార్చాల్సి వస్తుంది. నెమ్మదిగా అలిసిపోతారు. మధ్యేమార్గం ఒకటుంది. మాటలన్నీ ఇంగ్లిష్‌లో కానిచ్చి, రావడం పోవడం మాత్రం డేనిష్‌లో చెప్పడం. భాష సరిగ్గా రానివాళ్ళకి వీడ్కోలు అంత సుఖమైనది లేదు. మీరు అన్నాక ఎదుటివాళ్ళు తిరిగి ప్రశ్న వేయరు, వేసేలోపు తలుపు మూసేసుకుంటారు.

పలికేది తప్పుతుందన్న భయం వద్దు. గొంతులో చిన్న కొక్కెం పడితే ‘ఆమె’ కాస్తా ‘కుక్క’ అయిపోయే భాష అది, నిజమే. కానీ ‘హై హై’లో తప్పు చేయడం ఎవరి తరమూ కాదు. జర్మనీ సరిహద్దు వైపు వెళ్తే ఇంకా సుఖం, వచ్చినా వెళ్ళినా ‘మోయిన్’ ఒక్కటే.

చివరగా మీ చంటివాడు. డేకేర్‌లో పొద్దున్న దించేటప్పుడు మన పద్ధతిలో కళ్ళుగప్పి జారుకోకండి. అక్కడి టీచర్లు దాన్ని ఒప్పుకోరు. ఏడ్చినా సరే, కనిపించి, ఫావెల్ చెప్పి వెళ్ళమంటారు. చాలాచోట్ల అందుకోసమే ఒక కిటికీ ఉంటుంది, చేతులూపే కిటికీ అనే దాని పేరు. లోపల్నుంచి పిల్లాడు అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడతాడు, బయట్నుంచి మీరు ఊపి వెళ్ళిపోవాలి. మీవాడు రోజూ అక్కడ నిలబడే ‘హై హై’ నేర్చుకున్నాడు. వచ్చేటప్పుడు ఒక హై, పోయేటప్పుడు రెండు. వాడి లెక్కలో వాడు నానమ్మకి మర్యాదగానే వీడ్కోలు చెబుతున్నాడు.

ఆ సంగతి అత్తగారికి మీరు కాకుండా మీవారు చెబితే మంచిది. మీరు చెబితే సంజాయిషీ అవుతుంది, కొడుకు చెబితే కబురవుతుంది. ఒక వారం ఆగి, కాల్ పెట్టేసే ముందు వాడి చేత “ఉంటా నానమ్మా” అనిపించండి. ‘హై హై’ ఎలాగూ వాడు వదలడు, దాని వెనకే అననివ్వండి.